‘ఖాయమేనా?’ అని అడిగినప్పుడు: ఒక ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూ కేస్ స్టడీ

ఈ కేసు గురించి రాయడానికి ఆ విద్యార్థిని ఒప్పుకుంది. ఆమె పేరు, కాలేజీ, ఇంటర్వ్యూ చేసిన సంస్థ వివరాలు మాత్రం చెప్పను. కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం. నా దగ్గరికి వచ్చిన రోజు కూర్చోకముందే అన్న మాట: “మేడమ్, నాకు బైనరీ సెర్చ్ కూడా రాదని తేలిపోయింది. ఈ లైన్ నాకు సరిపడదేమో.”

నేను ఇంటర్వ్యూలకు విద్యార్థులను తయారుచేస్తాను. అంతకుముందు పదకొండేళ్లు ఇంటర్వ్యూ చేసే కుర్చీలో కూర్చున్నాను. వరుసక్రమంలో ఉన్న జాబితాలో మధ్య సంఖ్యను చూసి, అక్కర్లేని సగాన్ని ప్రతిసారీ వదిలేస్తూ వెతికే పద్ధతి బైనరీ సెర్చ్, కోడింగ్‌లో తొలి పాఠాల్లో ఒకటి. అది రాదని ఏడ్చిన అమ్మాయి ఆన్‌లైన్ టెస్టులో తొంభై నిమిషాలకిచ్చిన మూడు ప్రాబ్లమ్స్‌నీ గంటలోపే పూర్తిచేసింది. అందులో ఒకటి బైనరీ సెర్చ్ కంటే చాలా కష్టమైనది. ఈ రెండూ ఒకే మనిషి గురించి ఎలా నిజమవుతాయన్నదే ఈ కేసు.

జరిగింది

ప్రకటనలో ఉన్న పని డేటా అనాలిసిస్. పైథాన్ (ప్రోగ్రాములు రాసే భాష), ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లోంచి సమాచారం తీసే భాష) రావాలి, స్ప్రెడ్‌షీట్లతో అలవాటుండాలి అని రాశారు. ఆమె రెజ్యూమెలోనూ అవే ఉన్నాయి. టెస్టు రాసిన వారానికి షార్ట్‌లిస్ట్ అయ్యానని మెయిల్ వచ్చింది. ఇంటర్వ్యూ తేదీ రెండుసార్లు మారింది. రెండోసారి మార్చిన సంగతి ముందురోజు రాత్రి చెప్పారు. ఆ రోజు ఆమెకు ల్యాబ్ పరీక్ష ఉంటే బతిమాలి వేరే బ్యాచ్‌లోకి మార్పించుకుంది.

నలభై అయిదు నిమిషాల స్లాట్. లింక్‌లో చేరి ఎదురుచూస్తూ కూర్చుంది. ఇంటర్వ్యూ చేసే ఆయన ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. కెమెరా ఆన్ చేయలేదు. ఆలస్యానికి ఒక్క మాట కూడా అనలేదు. “నీ గురించి చెప్పు” అన్నాడు. ఆమె చెబుతుంటే అవతలి నుంచి కీబోర్డు చప్పుడు వినబడుతూనే ఉంది. తర్వాత, వెబ్ పేజీలకు వాడే జావాస్క్రిప్ట్ భాషలో క్లోజర్ అంటే ఏమిటని అడిగాడు. అది తన రెజ్యూమెలో లేదని, డేటా అనాలిసిస్ రోల్‌కి అప్లై చేశానని ఆమె మర్యాదగానే చెప్పింది. “ఏదైనా తెలిసి ఉండాలి కదా” అన్నాడు. మరో రెండు వెబ్ ప్రశ్నలయ్యాక బైనరీ సెర్చ్ రాయమన్నాడు. రాసింది. ఏదో అడిగాడు, ఏదో మార్చింది. “సరే, మేం చెప్తాం” అని కాల్ కట్ చేశాడు. మీ ప్రశ్నలేమైనా ఉన్నాయా అన్న మాట రాలేదు.

ఆ తర్వాత మూడు వారాలు నిశ్శబ్దం. ఆ మూడు వారాల్లో ఆమె ఇంకో చిన్న సంస్థలో అప్లికేషన్ గడువు దాటిపోనిచ్చింది, ఇక్కడ వస్తుందేమోనన్న ఆశతో. ఈ కేసులో కొలవగలిగిన నష్టమంటూ ఏదైనా ఉంటే నా దృష్టిలో ఇదే. చివరికి ఆటోమేటిక్ మెయిల్ వచ్చింది: ఇతర అభ్యర్థులతో ముందుకు వెళ్తున్నాం, మీ ఆసక్తికి ధన్యవాదాలు. కింద ఎవరి పేరూ లేదు.

నేను మొదట చేసిన తప్పు

ఆమె చెప్పిందంతా విని నేను ఓదార్చాను. ఇరవై నిమిషాల ఆలస్యం, కెమెరా లేకపోవడం, రోల్‌తో సంబంధం లేని ప్రశ్నలు: ఇది ఇంటర్వ్యూనే కాదు, నీ తప్పేం లేదు, వదిలెయ్ అన్నాను. నలభై ప్రాబ్లమ్స్ ఇచ్చి రెండు వారాల్లో చేసుకురమ్మన్నాను.

నేను అన్నదాంట్లో అబద్ధం లేదు. తప్పెక్కడంటే, వివరం అడగకుండానే తీర్పు చెప్పేశాను. ఆమె “ఏదో అడిగాడు, ఏదో మార్చాను” అన్నప్పుడు ఆ “ఏదో” ఏమిటని నేను అడగలేదు. పదకొండేళ్లు అవతలి కుర్చీలో కూర్చున్న నేను అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

రెండు వారాల తర్వాత ముప్పై ఏడు చేసుకొచ్చింది, అన్నీ శుభ్రంగా. సంతోషించి మాక్ ఇంటర్వ్యూకి కూర్చోబెట్టాను. వరుసక్రమంలో ఉన్న రెండు జాబితాలను కలిపి ఒకటి చేయమని చాలా సులువైన ప్రాబ్లమ్ ఇచ్చాను. అయిదు నిమిషాల్లో రాసింది, కోడ్ సరిగ్గా ఉంది. అలవాటు కొద్దీ “ఖాయమేనా?” అన్నాను. ఆమె వెంటనే స్క్రీన్ వైపు తిరిగి, సరిగ్గా ఉన్న లైన్‌ని చెరిపేసింది. నేనింకేమీ అనలేదు. ఎందుకు చెరుపుతున్నావని అడిగితే, “తప్పు కదా మేడమ్, మీరు అడిగారుగా” అంది.

అసలు సంగతి నాకు అప్పుడు అర్థమైంది.

నిమిషాల వారీగా మళ్లీ చూడటం

వెనక్కి వెళ్లి ఆ ఇంటర్వ్యూని మళ్లీ నిర్మించాలి. కానీ అప్పటికి ఆరు వారాలు గడిచాయి. బాధతో కూడిన జ్ఞాపకం ఆరు వారాల్లో చాలా మారిపోతుంది. ఏం జరిగిందన్నది పోయి ఎలా అనిపించిందన్నదే మిగులుతుంది. అదృష్టం కొద్దీ ఆ రాత్రి ఆమె తన స్నేహితురాలికి ఒక పొడవాటి మెసేజ్ పంపింది. కోపంలో రాసింది కాబట్టి ఒక్క ముక్క కూడా వదల్లేదు: ఎన్నింటికి చేరాడు, ఏమన్నాడు, తను ఏమంది, ఏ లైన్ మార్చింది. నాకు ఇంతకంటే మంచి రికార్డు దొరకదు. (ఆ రోజు నుంచి నా దగ్గరికి వచ్చే ప్రతి విద్యార్థికీ మొదట చెప్పేది ఇదే: ఇంటర్వ్యూ అయిన రోజే, నిద్రపోయే ముందు, జరిగింది జరిగినట్టు రాసిపెట్టుకో. నీ అభిప్రాయం వద్దు, మాటలు రాయి.)

మెసేజ్‌ను ముందు పెట్టుకుని ఇద్దరం కాగితం మీద గీశాం. నలభై అయిదులో ఇరవై ఆలస్యానికి పోయాయి. మిగిలింది ఇరవై అయిదు. అందులో పరిచయానికి నాలుగు, వెబ్ ప్రశ్నలకు ఆరు, కోడింగ్‌కి పదకొండు, చివర్లో ఆయన ఏదో టైప్ చేసుకుంటూ మౌనంగా ఉన్నవి నాలుగు. అంటే ఏ పని కోసం పిలిచారో దానికి సంబంధించి ఒక్క నిమిషం కూడా లేదు. ఎస్‌క్యూఎల్ అన్న మాటే రాలేదు.

ఆ పదకొండు నిమిషాలనూ విడిగా చూశాం. ఆమె రాసిన కోడ్ సరైనదే. వరుసక్రమంలో ఉన్న జాబితాలో ఒక సంఖ్యను వెతకడానికి ‘లో’, ‘హై’ అని రెండు హద్దులు పెట్టుకుంది. లో విలువ హై కంటే తక్కువగా ఉన్నంతవరకూ, లేదా దానికి సమానంగా ఉన్నప్పుడు కూడా, లూప్ (అదే పనిని మళ్లీ మళ్లీ చేసే భాగం) తిరగాలని రాసింది. మధ్య సంఖ్య చిన్నదైతే లో‌ని మధ్యకు ఒకటి అవతలికి, పెద్దదైతే హై‌ని ఒకటి ఇవతలికి జరిపింది. లోపమేమీ లేదు.

ఆయన లూప్ షరతును చూపించి “ఖాయమేనా?” అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. ఆమె ‘సమానం’ గుర్తు తీసేసింది.

అది తీసేస్తే ఏమవుతుందో ఆమెతోనే చేయించాను. జాబితాలో 7 ఒక్కటే ఉందనుకో, 7 కోసమే వెతుకుతున్నావు. స్థానాలను సున్నా నుంచి లెక్కిస్తారు కాబట్టి లో సున్నా, హై కూడా సున్నా. సున్నా సున్నా కంటే తక్కువ కాదు, లూప్‌లోకే వెళ్లదు. ఉన్న సంఖ్యను లేదంటుంది. 3, 7, 9 అని మూడు సంఖ్యలు తీసుకుంటే మధ్యలోని 7 ఒక్కటే దొరుకుతుంది, 3 గానీ 9 గానీ దొరకవు. కాగితం మీద ఇది చూసి ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత “అంటే నేను సరిగ్గానే రాశానా మేడమ్?” అంది. ఆ గొంతులో సంతోషం లేదు. సరిగ్గా రాసి, చేతులారా చెరుపుకున్నానని అర్థమైతే మొదట వచ్చేది సంతోషం కాదు.

రెండో సంఘటన ఇంకా ఆసక్తికరమైనది. మధ్య స్థానాన్ని లెక్కకట్టడానికి చాలామంది లో, హై కలిపి రెండుతో భాగిస్తారు. ఆమె అలా రాయలేదు. హై లోంచి లో తీసేసి, దాన్ని సగం చేసి, లో కి కలిపింది. “ఎందుకీ మెలికలు?” అని ఆయన అడిగాడు. ఆమె దగ్గర జవాబు లేదు. “అలాగే నేర్చుకున్నాను సార్” అంది. ఇక్కడ ఆయన ప్రశ్న న్యాయమైనదే, ఇది ఆమెకూ చెప్పాను.

ఆ మెలిక వెనుక మంచి చరిత్ర ఉంది. బైనరీ సెర్చ్ గురించి 1946లోనే చెప్పుకున్నా, ఏ పరిమాణంలోని జాబితాకైనా తప్పు లేకుండా పనిచేసే రూపం అచ్చులోకి రావడానికి 1960ల దాకా పట్టింది. ఆ తర్వాత కూడా కథ ముగియలేదు. 2006లో జోషువా బ్లాక్ అనే ప్రోగ్రామర్, జావా అనే ప్రోగ్రామింగ్ భాషతో సిద్ధంగా వచ్చే ప్రామాణిక లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లో దాదాపు తొమ్మిదేళ్లుగా ఒక లోపం దాగి ఉందని బయటపెట్టాడు. లో, హై కలిపినప్పుడు వచ్చే మొత్తం 2,14,74,83,647 దాటితే జావాలోని మామూలు పూర్ణాంకంలో అది పట్టదు, రుణ సంఖ్యగా మారిపోతుంది. జాబితాలో సుమారు 107 కోట్ల అంశాలుంటే తప్ప ఇది బయటపడదు కాబట్టి అన్నేళ్లు ఎవరికీ కనబడలేదు. ఆ లోపాన్ని తప్పించే మార్గమే ఆమె రాసిన మెలిక. కానీ ఆమె రాసింది పైథాన్‌లో. పైథాన్ పూర్ణాంకాలు అవసరమైనంత పెద్దవవుతాయి, అక్కడ ఆ జాగ్రత్త అక్కర్లేదు. ఈ నాలుగు వాక్యాలు ఆ రోజు చెప్పగలిగి ఉంటే ఆ ఇంటర్వ్యూలో ఆమె చెప్పిన అత్యుత్తమ జవాబు అదే అయ్యేది. సీనియర్ నోట్స్‌లోంచి కంఠస్థం చేసింది కాబట్టి చెప్పలేకపోయింది.

కాబట్టి కాగితం మీద తేలింది నేను మొదట ఇచ్చిన తీర్పులా లేదు, ఆమె తనకు తాను ఇచ్చుకున్న తీర్పులానూ లేదు. ఇంటర్వ్యూ అన్యాయంగానే జరిగింది. అందులోనే ఆమె సరైన కోడ్ రాసింది. ఒక ప్రశ్న వినగానే దాన్ని పాడుచేసుకుంది. ఇంకో ప్రశ్నకు, తను రాసినదాని కారణం తనకే తెలియదు. వాళ్ల తప్పే అని వదిలేస్తే ఆఖరి రెండూ తర్వాతి ఇంటర్వ్యూలోకి కూడా వెంట వచ్చేవి.

ఆ అలవాటు ఎక్కడిది

“ఎవరైనా ఖాయమేనా అంటే నీకు ఏం వినిపిస్తుంది?” అని అడిగాను. ఆలోచించి చెప్పింది: “క్లాసులో సార్ ఎప్పుడైనా అలా అన్నారంటే తప్పనే మేడమ్. కరెక్ట్ అయితే కూర్చో అంటారు.”

ఈ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. నిజమే. తరగతి గదిలో ‘ఖాయమేనా’ అన్నది ప్రశ్న రూపంలో వచ్చే తీర్పు. పన్నెండేళ్లు, పదిహేనేళ్లు ఆ అర్థంలోనే విన్న చెవికి ఇంటర్వ్యూలో అదే మాట వేరే అర్థంలో ఎలా వినబడుతుంది? ఇంటర్వ్యూ చేసేవాళ్లు సరైన జవాబుకీ అదే అడుగుతారు. తను రాసింది తను సమర్థించుకోగలదా అని చూడటానికి. నేనూ వందలసార్లు అడిగాను. అవతలి పిల్లలకు అది ఎలా వినబడుతుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. సరైనదాన్ని చెరిపేసుకున్నవాళ్లను ‘పునాది గట్టిగా లేదు’ అని రాసి పంపిన సందర్భాలు ఉండే ఉంటాయి. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇంట్లో ఒంటరిగా రాసిన టెస్టులో మూడుకు మూడు చేసిన అమ్మాయి, ఒక మనిషి చూస్తుండగా తడబడటం ఆమె ఒక్కదాని లోపం కూడా కాదు. 2020లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 48 మంది విద్యార్థులతో దీన్ని పరీక్షించారు. కొందరు ఇంటర్వ్యూ చేసేవారి ఎదుట, పైకి మాట్లాడుతూ బోర్డు మీద ప్రాబ్లమ్ చేశారు. మిగతావాళ్లు గదిలో ఒంటరిగా చేశారు. ఎవరో చూస్తున్నారన్న ఒక్క కారణంతో పనితీరు సగానికి పైగా పడిపోయింది. ఒంటరిగా చేసిన అమ్మాయిలందరూ ప్రాబ్లమ్ పూర్తిచేశారు. చూస్తుండగా చేసిన అమ్మాయిల్లో ఒక్కరూ పూర్తిచేయలేకపోయారు. అమ్మాయిల సంఖ్య చిన్నదే, దాని మీద పెద్ద సిద్ధాంతాలు కట్టకూడదు. కానీ ఆమెకు ఈ ఫలితం చెప్పినప్పుడు మొదటిసారి భుజాలు సడలడం చూశాను.

ఆమె ఇంకోటి అడిగింది: “అయినా ఆయనకు అనుభవం ఉంటుంది కదా మేడమ్, ఇరవై అయిదు నిమిషాల్లో నా సంగతి తెలిసిపోదా?” తెలియదు. దీని మీద దశాబ్దాల పరిశోధన ఉంది. 1998లో ష్మిట్, హంటర్ అనే పరిశోధకులు ఎనభై అయిదేళ్ల అధ్యయనాలను కూడగట్టి లెక్కవేస్తే, ఉద్యోగంలో పనితీరును ముందుగా అంచనా వేయడంలో పద్ధతి ప్రకారం జరిగే ఇంటర్వ్యూకు 0.51, తోచినట్టు సాగే ఇంటర్వ్యూకు 0.38 వచ్చాయి. ఒకటి అంటే పూర్తి సంబంధం, సున్నా అంటే అసలు సంబంధం లేనట్టు. 2022లో సాకెట్ బృందం ఆ లెక్కల్లోని సవరణ పద్ధతిని తిరగతోడితే అవి 0.42కి, 0.19కి దిగాయి. పద్ధతి అంటే పెద్ద విషయమేమీ కాదు: పనికి సంబంధించిన ప్రశ్నలు ముందే రాసుకోవడం, అందరినీ అవే అడగడం, ఎలాంటి జవాబుకు ఎంత మార్కో ముందే నిర్ణయించుకోవడం. ఆమె ఇంటర్వ్యూలో ఈ మూడింట్లో ఒక్కటీ ఉన్న జాడ లేదు.

2013లో డానా, డాస్, పీటర్సన్ చేసిన ప్రయోగం ఇంకా కళ్లు తెరిపిస్తుంది. విద్యార్థులు తోటి విద్యార్థులను ఇంటర్వ్యూ చేసి వాళ్లకు రాబోయే మార్కులను ఊహించాలి. కొన్ని ఇంటర్వ్యూల్లో జవాబు చెప్పేవాళ్లు నిజంతో సంబంధం లేకుండా, ఒక యాదృచ్ఛిక సూత్రం ప్రకారం జవాబులు చెప్పారు. అడిగేవాళ్లకు తేడా తెలియలేదు. అవతలి మనిషి తమకు అర్థమయ్యారనే అనుకున్నారు. పైగా ఇంటర్వ్యూ చేశాక వేసిన అంచనాలు, పాత మార్కులు మాత్రమే చూసి వేసిన అంచనాల కంటే దారి తప్పాయి.

ఇవన్నీ ఆమెకు చెప్పింది ఆ సంస్థను దోషిని చేయడానికి కాదు. ఆ రోజు వచ్చిన ‘కాదు’ను తన సామర్థ్యం మీద తీర్పుగా మోయాల్సిన పని లేదని నమ్మించడానికి. ఓదార్పు మాటలతో ఆమె నమ్మలేదు, లెక్కలు చూపిస్తే నమ్మింది. కొందరు విద్యార్థులు అంతే.

ఆరు వారాల సాధన

కొత్త ప్రాబ్లమ్స్ ఇవ్వడం ఆపేశాను. ఆమెకు ప్రాబ్లమ్స్ కొరత లేదు. వారానికి రెండుసార్లు నలభై నిమిషాలు కూర్చుని ఒకే పని చేశాం: ఆమె రాస్తుంది, నేను మధ్యలో “ఖాయమేనా?” అంటాను. కోడ్ సరిగ్గా ఉన్నప్పుడు కొన్నిసార్లు, తప్పున్నప్పుడు కొన్నిసార్లు, ఒకే గొంతుతో. నా ముఖం చూసి కనిపెట్టకుండా కొన్నిసార్లు కెమెరా ఆపేసేదాన్ని.

నియమం ఒక్కటే. ఆ మాట వినగానే చేయి కీబోర్డు మీదికి వెళ్లకూడదు. ముందు ఒక చిన్న ఉదాహరణ తీసుకుని పైకి చెబుతూ ఒక్కో లైన్ నడిపించాలి. ఖాళీ జాబితా, ఒకే అంశం ఉన్నది, రెండు అంశాలున్నది, వెతికేది అసలు లేనిది: ఈ నాలుగూ సరిపోతాయి. ఉదాహరణ ఏం చెబితే అదే వినాలి, నా మాట కాదు. సరిగ్గా వస్తే “ఖాయమే, ఇదిగో కారణం” అనాలి. తప్పొస్తే “మంచి ప్రశ్న, ఇక్కడ తప్పు దొరికింది” అని దిద్దుకోవాలి.

మొదటి రోజు ఆరుసార్లు అడిగాను. అయిదుసార్లు వెంటనే మార్చేసింది. వాటిలో మూడు అంతకుముందు సరైనవే. రెండో వారం ఇంకో దారి పట్టింది: ఏదడిగినా “ఖాయమే మేడమ్” అని బిగుసుకుపోవడం మొదలుపెట్టింది, తప్పున్నప్పుడు కూడా. ఇది నేను ఊహించాల్సింది. భయాన్ని మొండితనంతో కప్పుకుంది, ఉదాహరణ నడిపించడం మాత్రం తప్పించుకుంటోంది. అప్పుడు కాగితం, పెన్ను తప్పనిసరి చేశాను. లో, హై, మధ్య అని మూడు గడులు గీసి విలువలు రాయకుండా జవాబు చెప్పడానికి వీల్లేదన్నాను. నాలుగో వారానికి అది అలవాటైంది. ఆరో వారంలో ఎనిమిదిసార్లు అడిగితే రెండుసార్లే మార్చింది. ఆ రెండూ నిజంగా తప్పులే.

పక్కనే ఇంకో పని నడిచింది. తను రాసే ప్రతి కోడ్‌లో కంఠస్థం చేసిన లైన్ ఏదైనా ఉంటే దాని పక్కన చుక్క పెట్టమన్నాను. వారం చివర ఆ చుక్కలకు కారణాలు వెతుక్కొచ్చేది. మొదటి వారం పద్నాలుగు చుక్కలు. జావా లోపం కథ ఆమె ఇలాగే స్వయంగా వెతికి తెలుసుకుంది. నేను చెప్పి ఉంటే అదీ ఇంకో కంఠస్థమే అయ్యేది.

మూడు వారాల నిశ్శబ్దం విషయం త్వరగానే తేలింది. ఇంటర్వ్యూ చివర్లో ‘ఫలితం ఎప్పటికి తెలుస్తుంది, తెలియకపోతే ఎవరిని అడగాలి’ అని అడగాలి. వాళ్లు ముగించే తొందరలో ఉన్నా ఈ ఒక్కటి అడగాలి. చెప్పిన తేదీ దాటి మూడు పనిదినాలయ్యాక ఒక చిన్న మెయిల్. ఆఫర్ లెటర్ చేతికి వచ్చేదాకా ఇతర అప్లికేషన్లు ఆపకూడదు.

ఆ సంస్థకు రాసిన మెయిల్

తిరస్కరణ మెయిల్ వచ్చిన రాత్రే ఆమె ఒక ఉత్తరం రాసి పంపకుండా దాచుకుంది. నాకు చూపించింది. రెండు పేజీలు, ప్రతి వాక్యంలోనూ నిజమైన బాధ. దాన్ని పంపొద్దన్నాను, చెరపొద్దని కూడా అన్నాను. పంపాల్సింది వేరేది రాశాం. ఇంటర్వ్యూ చేసిన ఆయనకు కాకుండా ఏర్పాట్లు చూసిన రిక్రూటర్‌కు. సారాంశం ఇది:

“ఇంటర్వ్యూకు అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. నిర్ణయం మార్చమని అడగడానికి రాయడం లేదు. మూడు విషయాలు మీ దృష్టికి తేవాలనుకుంటున్నాను. నలభై అయిదు నిమిషాల ఇంటర్వ్యూ ఇరవై నిమిషాలు ఆలస్యంగా మొదలై, అనుకున్న సమయానికే ముగిసింది. ప్రకటనలో ఉన్న పైథాన్ డేటా పని, ఎస్‌క్యూఎల్ గురించి ప్రశ్నలు రాలేదు. ప్రకటనలో లేని వెబ్ విషయాలు అడిగారు. నా ప్రశ్నలు అడిగే వీలు దొరకలేదు. నా తర్వాత వచ్చేవారికి ఇది ఉపయోగపడుతుందని చెబుతున్నాను. నా కోడింగ్ మీద ఏదైనా అభిప్రాయం చెప్పగలిగితే నేర్చుకుంటాను.”

‘బాధ కలిగింది’ అన్న మాట ఎందుకు లేదని ఆమె అడిగింది. బాధ నిజమే, కానీ ఆ మాట చదివేవాళ్లు జవాబుగా సానుభూతి చెబుతారు. నిమిషాల లెక్క చదివేవాళ్లు క్యాలెండర్ తెరిచి చూస్తారు. మనకు కావాల్సింది రెండోది.

నాలుగు రోజుల తర్వాత జవాబు వచ్చింది. ఆలస్యానికి క్షమాపణ, సమాచారాన్ని టీమ్‌కు చేరవేశామన్న మాట. కోడింగ్ గురించి వ్యక్తిగత అభిప్రాయాలు పంచుకోవడం తమ విధానం కాదన్నారు. చాలా సంస్థలు ఇలాగే అంటాయి. చట్టపరమైన చిక్కులొస్తాయన్న జాగ్రత్త అందుకు ఒక కారణం. అందువల్ల ఆ ‘సమానం’ గుర్తు తీసేయడం వల్లే ఆమెను కాదన్నారా, జావాస్క్రిప్ట్ వల్లా, సీట్లు ముందే నిండిపోయాయా అన్నది ఈ కేసులో ఎప్పటికీ తేలదు. విద్యార్థులకు దీన్ని ఒప్పించడం చాలా కష్టం. కారణం తెలియని చోట మనసు ఎప్పుడూ తననే కారణం చేసుకుంటుంది.

ఇంటర్వ్యూలు చేసేవాళ్లు ఇది చదువుతుంటే నాదొక విన్నపం. మొదలుపెట్టేటప్పుడు ఒక్క వాక్యం చెప్పండి: “జవాబు సరిగ్గా ఉన్నా ఖాయమేనా అని అడుగుతాను, నీ ఆలోచన వినడానికి.” దీనికి అయిదు సెకన్లు పడుతుంది. ఇది చెప్పకపోతే మీరు కొలుస్తున్నది కోడింగ్ రావడాన్నా, పెద్దవాళ్ల మాటకు తలవంచడాన్నా అన్నది మీకే తెలియదు.

తర్వాత

రెండో ఇంటర్వ్యూ వేరే సంస్థలో. జాబితాలో పదేపదే వచ్చే సంఖ్య మొదట ఎక్కడ కనిపిస్తుందో కనుక్కోమన్నారు. రాసింది. అవతలి ఆమె “ఖాయమేనా?” అంది. మన అమ్మాయి “ఒక్క నిమిషం మేడమ్, రెండు అంశాలతో నడిపి చూస్తాను” అని కాగితం తీసింది. నిజంగానే తప్పుంది. 5, 5 అన్న జాబితాలో మొదటి స్థానానికి బదులు రెండోది ఇస్తోంది. దిద్ది, ఎందుకు తప్పిందో చెప్పింది. అక్కడా ఎంపిక కాలేదు. కానీ ఆ రాత్రి నాకు పంపిన మెసేజ్‌లో ‘నాకు రాదు’ అన్న మాట లేదు; ఏ నిమిషంలో ఏం జరిగిందో ఉంది, కింద రెండు చుక్కలు పెట్టుకున్న లైన్లున్నాయి.

మూడోచోట వచ్చింది. చిన్న టీమ్, పది వారాల ఇంటర్న్‌షిప్, పని డేటా శుభ్రం చేయడం. ఇంటర్వ్యూలో బైనరీ సెర్చ్ ఎవరూ అడగలేదు. ఒక చిందరవందర టేబుల్ ఇచ్చి దాంట్లో తప్పులేమున్నాయో చూడమన్నారట, గంటసేపు.

కెమెరా ఆఫ్‌లో ఉన్న మనిషితో మాట్లాడాలంటే మాత్రం ఆమె గొంతు ఇంకా సన్నబడుతుంది. మొన్న మేనేజర్ కెమెరా లేకుండా మీటింగ్‌లోకి వచ్చి “ఈ లెక్క సరిచూశావా?” అని అడిగితే, చూసినా చూడలేదని చెప్పేసిందట. పది నిమిషాలయ్యాక మళ్లీ మెసేజ్ పెట్టి, చూశానని, ఎలా చూసిందో రాసిందట. వచ్చే వారం నుంచి మళ్లీ కెమెరా ఆపి సాధన చేస్తున్నాం.